చేపగారికి నలతగా ఉంది

ఆ రోజు తెల్లవారేసరికి ఆకాశం ఈనబోయే గేదెలా బరువుగా కిందికి దిగి, అడుగు తీసి అడుగు వెయ్యకుండా పరిగెలంక మీదే నిలబడి ఉంది. రెండు రోజులు కురిసి అలిసిపోయిన వాన మళ్ళీ కురవడానికి ఊపిరి తీసుకుంటోంది. ఆ ఆకాశం కింద సైదు నాంచారయ్య చేను ఉండాలి. నీళ్ళు తప్ప మరేమీ కనిపించడం లేదు. నాంచారయ్య మోకాటిలోతు దిగి, వంగి, చేత్తో తడిమి చూశాడు. అడుగున వరిమొక్క వేళ్ళకు తగిలింది. ఇంకా బిరుసుగానే ఉంది. వారం దాటి ఇలాగే మునిగి ఉంటే మెత్తబడి చేతికొస్తుంది. ఆ తరవాత ఆ చేలో చేసేది ఏమీ ఉండదు, చూసి రావడం తప్ప.

నీళ్ళు పోవడానికి దారి లేక కాదు. చేను పక్కనే మురుగు కాలువ ఉంది. కాలువ నిండా గుర్రపుడెక్క తూడు ఉంది. ఎంత దట్టంగా ఉందంటే దాని మీద కొంగలు కాళ్ళు తడవకుండా నడిచి వెళుతున్నాయి. ఊరంతా కత్తులు పట్టుకుని దిగితే తీసేయలేని పని కాదు. నిరుడు దిగారు కూడా. ప్రభుత్వ కాలువలోని ప్రభుత్వ తూడును అనుమతి లేకుండా పీకినందుకు ఊళ్ళో మగవాళ్ళందరికీ నోటీసులు వచ్చాయి. పీకిన తూడును యథాస్థానంలో ఉంచవలసిందని అందులో ఉంది. ఉంచారు. అది ఆ మర్యాదకు సంతోషించి రెట్టింపు పెరిగింది.

"ఆపీసుకి ఎళ్ళిరా మావా," అంది అతని పెళ్ళాం మంగతాయారు. "గట్టు మీద నించుని చూత్తా ఉంటే నీళ్ళు సిగ్గుపడి పోవు."

నాంచారయ్య మాట్లాడే మనిషి కాదు. సైకిలెక్కాడు.

*

మురుగు కాలువల డివిజను ఆఫీసు టౌను చివర, ఆ కాలువ ఒడ్డునే ఉంది. గుమ్మంలో బంట్రోతు ఇస్రాయేలు అడ్డం నిలబడ్డాడు.

"ముందు పెరట్లోకి ఎల్లండి బాబాయ్. చేపలకి మేత ఎయ్యాలి."

"మేత ఎయ్యడానికి రాలేదురా. చేను మునిగింది. అర్జీ ఇవ్వాలి."

"అందుకే. ఆవేశంలో ఉన్న మనిషి దగ్గిర అర్జీ తీసుకోకూడదని పైనించి ఆర్డరు వచ్చింది."

"నాకు ఆవేశం లేదు."

"లేదని మీరంటే సరిపోద్దా? చేప అనాలి."

అప్పుడు తెలిసింది నాంచారయ్యకి. పైవాళ్ళెవరో ఎక్కడో పరాయి దేశంలో ఒక పెరటి కొలను పక్కన కూర్చుని, అందులో తిరిగే రంగురంగుల జపాను చేపలను చూసి చాలా ప్రశాంతత పొందారట. ఆ ప్రశాంతత తామొక్కరే ఉంచుకోవడం ఇష్టం లేక, 'ప్రశాంత పాలన' అనే పథకం పెట్టి, ప్రతి ఆఫీసు పెరట్లోనూ ఒక కొలను తవ్వించి, కోయి చేపలు వదలమన్నారు. అర్జీ తెచ్చిన మనిషి గుప్పెడు మేత వెయ్యాలి. చేప పైకొచ్చి తినాలి. అది చూసి మనిషి ఊపిరి నెమ్మదించాలి. అప్పుడు ఇస్రాయేలు అతని మణికట్టు మీద నీలం రంగు చేపబొమ్మ ముద్ర వేస్తాడు. ముద్ర ఉన్న చేతిలో కాగితమే కాగితం. ఎన్ని ముద్రలు పడితే అంతమంది ప్రజలు ప్రశాంతంగా ఉన్నట్టు.

ఈ డివిజను అందరికన్నా ముందుంది. ఎలాగంటే అర్జీలు లేనప్పుడు బస్సు కోసం నిలబడ్డ వాళ్ళనీ, సంతకి పోయేవాళ్ళనీ, బడిపిల్లల్నీ పిలుచుకొచ్చి మేత వేయించేవారు. కాలువ సంగతి ఎలా ఉన్నా ప్రశాంతతలో ఈ డివిజనుకి ఎదురు లేదు.

పెరట్లో నాలుగు నులకమంచాలు పరిచినంత కొలను. నీళ్ళు పాచిరంగు తిరిగి, చిక్కబడి, ఉడకేసిన కుడితి వాసన కొడుతున్నాయి. చేపలు పైకి తేలి మూతులు తెరిచి గాలి మింగుతున్నాయి. ఒంటి మీద దూదిపింజల్లాంటి తెల్లమచ్చలు. అన్నింటిలోకీ పెద్దది, తెల్లటి ఒంటి మీద నెత్తిన ఎర్ర మచ్చ ఉన్నది, ఓ పక్కకి ఒరిగిపోయి సిమెంటు గోడకి ఒళ్ళు రాసుకుంటోంది. దాన్ని ఆఫీసులో పెద్దాయన అంటారు. ఈ కొల్లేటి చుట్టుపక్కల వాళ్ళెవరిని నిద్రలో లేపి చూపించినా 'ఇది రంగేసిన బంగారుతీగ చేప, దీనికి మేత ఎక్కువై నీళ్ళు చెడ్డాయి' అని చెప్పి మళ్ళీ పడుకుంటారు.

నాంచారయ్య గుప్పెడు మేత వేశాడు. గింజలు తేలాయి. చేపలు వాటి వంక కూడా చూడలేదు.

"తినలేదు బాబాయ్," అన్నాడు ఇస్రాయేలు విచారంగా. "మీరు ప్రశాంతంగా లేరు."

"అది చచ్చిపోతా ఉందిరా!"

"చూశారా, ఆవేశం."

*

నాలుగు రోజులుగా ఒక్క ముద్రా పడలేదు. ఒక్క అర్జీ లోపలికి పోలేదు. ఆ రోజు పెరటి వరండాలోనే సమావేశం పెట్టారు. ముద్ర కోసం కాచుకున్న వాళ్ళు ఎలాగూ అక్కడే ఉన్నారు కాబట్టి నాంచారయ్య స్తంభం పక్కన నిలబడి అంతా విన్నాడు.

సూపరింటెండెంటు కనకవల్లిగారు కళ్ళజోడు సర్దుకున్నారు. ఆవిడ ఇంట్లో పాలవాడితో కూడా ఆఫీసు భాషే మాట్లాడతారని చెప్పుకుంటారు.

"సదరు మత్స్యములు గత కొన్ని దినములుగా ఆహార స్వీకరణ యందు విముఖత ప్రదర్శించుచున్నవి సార్. తత్ఫలితముగా ప్రజల ప్రశాంతత పూర్తిగా నిలిచిపోయినది."

డివిజనుకి పెద్ద ఇంజనీరు, ఈఈ చక్రధరరావుగారు కొలను వంక చూసి నిట్టూర్చారు. "మా నాన్నకి వందెకరాల చెరువులున్నాయమ్మా. చేప మూతి పైకెడితే ఏం చెయ్యాలో నాకు పాలు తాగే వయసు నించీ తెలుసు. మేత మానెయ్యాలి. సగం నీళ్ళు తీసి కొత్తనీళ్ళు పెట్టాలి. గల్లుప్పు చల్లాలి."

"మా పుట్టింటి వారివీ చెరువులే సార్."

"మా మావయ్యవీ," అన్నాడు ఇస్రాయేలు.

"అయితే ఏం లాభం?" అన్నారు ఈఈగారు. "అది వ్యక్తిగత పరిజ్ఞానం. ఆఫీసు వేళల్లో వాడకూడదు."

"పైపెచ్చు మేత నిలిపివేసినచో ముద్రలు శాశ్వతముగా ఆగును. ప్రజలు అశాంతిగా ఉన్నారని అర్థము వచ్చును. అది శాంతిభద్రతల సమస్య సార్."

కాబట్టి ఎవరికీ తెలియనట్టు పైకి రాశారు. పైనుంచి మర్నాడే జవాబు వచ్చింది. అస్వస్థతకు గురైన సదరు మత్స్యములను సిబ్బంది, లబ్ధిదారులు, గుత్తేదారులు యావన్మందీ స్వయముగా పరామర్శించి మనోధైర్యము కల్పించవలెనని.

పైవాళ్ళు పరామర్శించమన్నారే గాని రొట్టె తెమ్మనలేదు. ఆ తప్పు వాళ్ళది కాదు. కానీ ఈ గడ్డ మీద పుట్టినవాడెవడైనా రోగిని చూడడానికి చేతులూపుకుంటూ వెళతాడా? సిబ్బంది బ్రెడ్డు పొట్లాలు పట్టుకొచ్చారు. గుత్తేదారులు గ్లూకోజు డబ్బాలు, బత్తాయిలు తెచ్చారు. ఎవరో పెద్దమనిషి గెలపళంగా కొబ్బరిబొండాలు దింపించాడు. రోగికి చేతులు లేవు గనక తెచ్చినవన్నీ తెచ్చినట్టు కొలనులోనే వేశారు. వేసి, గట్టు మీద చతికిలబడి, రోగి దగ్గర ఎవరైనా చెప్పే మాటలే చెప్పారు.

"మా పిన్నత్తగారికీ ఇలాగే తెల్లమచ్చలొచ్చినయ్. బాగానే మాటాడింది. తెల్లారేసరికి లేదు."

"చిక్కిపోయాడండీ పెద్దాయన. పోయినసారి చూసినప్పుడు ఎలా ఉండేవాడు!"

"దిష్టి. ఇంతమంది కళ్ళు పడితే రాయైనా పగులుద్ది."

ఒక గుత్తేదారు కొలను పక్కన సెలైను సీసా స్టాండు తెచ్చి పెట్టించాడు. సీసా ఎవరికి గుచ్చాలో తెలియక అలా వేలాడదీశారు. చూడ్డానికి మాత్రం వైద్యం గట్టిగా జరుగుతున్నట్టుంది. కొలనులో వేసిన ప్రతి రొట్టెముక్కా మేత కిందే లెక్కించాలని కనకవల్లిగారు కనిపెట్టడంతో ఆ పూట డివిజను ప్రశాంతత మునుపెన్నడూ లేనంత ఎత్తుకు ఎగబాకింది. పైనుంచి అభినందనలు వచ్చాయి. చేపలు వెల్లకిలా పడ్డాయి.

నాంచారయ్య కూడా ఒక బ్రెడ్డు పొట్లం తీసుకుని వెళ్ళాడు. వెళ్ళక తప్పదు కదా. దాన్ని చేతిలోనే పట్టుకుని కూర్చుని, ఎవరూ చూడకుండా తనే తినేశాడు. మూడుపూటలా చేను చూసి వచ్చే కడుపది. ఆ చేపలకు అతను చేయగలిగిన ఉపకారం అదొక్కటే.

*

ఆ వారంలోనే పైవాళ్ళు ఫోనులో బొమ్మ కనబడేట్టు మాట్లాడుతూ పెద్దాయనను చూస్తామన్నారు. చూస్తే చిక్కటి పులుసులో బ్రెడ్డు తప్ప ఏమీ కనపడదు. ఈఈగారికి చెమటలు పోశాయి.

"పంపు పెట్టి నీళ్ళు తోడెయ్యండి," అన్నారు. "వ్యక్తిగత పరిజ్ఞానం అయితే అయింది."

"తోడిన నీళ్ళు ఎటు పోతాయి సార్?" అని అడిగారు కనకవల్లిగారు. ఆశ్చర్యం, మామూలు తెలుగులో.

మురుగు కాలువల డివిజను ఆఫీసులో ఆ ప్రశ్న అంతవరకూ ఎవరూ అడగలేదు.

"మా కాలువకే," అన్నాడు స్తంభం పక్కనుంచి నాంచారయ్య.

పంపు పెట్టారు. కొలను నీళ్ళు పెరటి తూములోంచి మురుగు కాలువలోకి పోయాయి. కాలువ నిండా గుర్రపుడెక్క, కదలని నీళ్ళు. పోయిన నీళ్ళు కాసేపు ఆలోచించుకుని, కాలువ నీళ్ళను కూడా చుట్టాల్లా వెంటబెట్టుకుని, అదే తూములోంచి తిరిగొచ్చాయి. పెరడంతా మోకాటిలోతు అయింది. బల్లలు తేలాయి. సెలైను స్టాండు పడిపోయింది. సిబ్బంది అంతా పంచెలు, చీరలు ఎగ్గట్టి చేపలను బకెట్లలోకి పట్టారు. పట్టాక చూస్తే పెద్దాయన లేడు.

"గల్లంతు!" అన్నారు ఈఈగారు, గోడకి చేరగిలబడి.

ఆ మాటకు ఎంత బలం ఉందో నాంచారయ్యకి అంతవరకూ తెలియదు. చేలు మునిగాయని ఊళ్ళకు ఊళ్ళు మొత్తుకుంటే కదలని పొక్లెయిన్లు ఆ మధ్యాహ్నానికే రెండు వచ్చాయి. పెద్దాయన గుర్రపుడెక్క కింద చిక్కుకుని ఉంటాడు గనక టౌను నుంచి పరిగెలంక దాకా కాలువంతా ఊడ్చి వెతకమని ఆర్డరు. యంత్రం ఒక పట్టు తూడు తీసి గట్టున పోయగానే పదిమంది దాని మీద పడి ఆకు ఆకూ విడదీసి చూసేవారు. గట్టు వెంట సిబ్బంది నడుస్తూ కేకలు.

"పెద్దాయనా! ఓ పెద్దాయనా!"

పొలాల్లో ముసలివాళ్ళు ఇద్దరు ముగ్గురు 'ఓయ్' అని పలికారు.

రెండో రోజు సందెవేళకు కాలువ అద్దంలా ఉంది. నీళ్ళు మెల్లగా కదిలాయి, తరవాత నడిచాయి, తరవాత పరుగెత్తాయి. నాంచారయ్య చేలో వరి ఆకుల కొసలు ఒక్కొక్కటే పైకి వచ్చాయి. చచ్చి బతికినవాడు కళ్ళు తెరిచినట్టు. అతను చీకటిపడేదాకా గట్టు మీదే నిలబడి చూశాడు. ఆ రాత్రి మంగ వడ్డించిన అన్నం రెండుసార్లు పెట్టించుకున్నాడు.

తెల్లారి మంగ గట్టు మీద నుంచి కేక పెట్టింది. "మావా! చేలో ఎర్రటిదేదో తిరుగుతా ఉంది!"

పెద్దాయన. వానకి కాలువ గట్టు తెగినచోట నుంచి చేలోకి వచ్చేశాడు. పారే నీళ్ళలో, దుబ్బుల మధ్య, పురుగూ పుట్రా ఏరుకు తింటూ, ఒంటి మీద మచ్చలన్నీ పోయి, కొత్తపెళ్ళికొడుకులా నిగనిగలాడుతున్నాడు. మంగ ఆ కేక పెట్టకుండా ఉండాల్సింది. వెనకాలే కాలువ గట్టు మీద ఇస్రాయేలు ఉన్నాడు.

*

వచ్చిన ఆర్డరు కనకవల్లిగారు చేనుగట్టున నిలబడి చదివారు. "సదరు మత్స్యము పూర్ణ ఆరోగ్యవంతమైనట్లు ధ్రువీకరించబడు వరకు సదరు క్షేత్రమునందు నీటిమట్టము తగ్గించరాదు. గట్టు తెగినచోట పూడ్చవలెను. వలలు, గాలములు సదరు మత్స్యమునకు మనోవేదన కలిగించును గావున నిషిద్ధము."

గట్టు పూడ్చారు. పై చేలలోంచి దిగే నీళ్ళు పోయే దారి లేక, బయటికి వచ్చిన వరి కొసలు మళ్ళీ నీళ్ళలో మునిగాయి.

ఆఫీసంతా చేనుగట్టుకే తరలివచ్చింది. ఈఈగారిని పెద్దాయనకు నయమయ్యేదాకా అక్కడే ఉండమన్నారు. పాకలో నులకమంచం వేశారు. దోమలు ఆయన హోదా చూడలేదు. జలగలు అసలే చూడలేదు. చేపకు సానుభూతిగా సిబ్బంది ఎవరూ చేప ముట్టరాదని కూడా పైనుంచి చెప్పారు. కొల్లేటి గాలి పీలుస్తూ పప్పుచారు తాగడం ఎంత కష్టమో అక్కడ పుట్టినవాడికే తెలుస్తుంది. ఇంకో వింత. అందరూ ఇక్కడికి వచ్చేయడంతో ఆఫీసు కొలనులో మేత వేసేవాడు లేక, కాలువ పారుతూ ఉండడంతో నీళ్ళు మారి, బకెట్లలోంచి తిరిగి వదిలిన తక్కిన చేపలన్నీ వాటంతట అవే బాగుపడ్డాయి. ఆ సంగతి పైకి రాయడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

నాంచారయ్య రోజూ వంగి వరిమొక్క తడిమి చూస్తున్నాడు. కొనలు పసుపు తిరుగుతున్నాయి. రెండు మూడు మొక్కలు మెత్తగా చేతికొచ్చాయి. వాటిని తెచ్చి ఈఈగారి మంచం కోడు పక్కన పెట్టాడు.

"చేప బాగానే ఉంది గదండి. నీళ్ళు తీసేద్దారండి."

"బాగుందని నాకూ కనపడతానే ఉందయ్యా. ధ్రువీకరించేదెవరు? ఉండు, డాక్టర్ని పిలిపించా."

మత్స్యశాఖ డాక్టరు జోగారావుగారు వచ్చి చేను చుట్టూ ఒక ప్రదక్షిణం చేశారు. పెద్దాయన ఎగిరి ఆయన ప్యాంటు తడిపాడు.

"బ్రహ్మాండంగా ఉంది," అన్నారు డాక్టరుగారు. "కానీ నేను రాయలేను. తినే చేపలే మా శాఖ కిందికి వస్తాయి. ఇది చూసే చేప. అలంకరణ. ఉద్యానశాఖని అడగండి."

"అడిగానండీ. దానికి వేరు ఉందా అన్నారు."

"ఏం చెప్పారు?"

"లేదన్నాను. అయితే మాది కాదు పొమ్మన్నారు."

ఇద్దరు పెద్దమనుషులూ నీళ్ళ వంక చూస్తూ నిలబడ్డారు. మంగ గట్టు మీద గడ్డి కోస్తూ ఆ మాటలన్నీ విన్నది. కొడవలి ఆగింది.

"డాక్టరుబాబూ, తినే చేపైతే మీరు రాసెయ్యచ్చన్నమాట," అంది.

"రాసెయ్యచ్చమ్మా. ఇక్కడే నించుని రాసిచ్చేద్దును."

"అయితే రేపు మద్దేన్నం మా ఇంట్లో బోయినం చేసెల్లండి. ఈఈబాబు గారూ మీరూ, అమ్మగారూ కూడా. ఇన్నాళ్ళు మా చేలో ఉండి మా ఇంట మెతుకు ముట్టకపోతే మాకు మర్యాద కాదు."

ఇస్రాయేలు ఆవిడ మొహంలోకి చూశాడు. తరవాత నాంచారయ్య మొహంలోకి చూశాడు. చేపకు కాపలా అతనే.

"ఉల్లిపాయలు నే తరుగుతాలే పిన్నీ," అన్నాడు.

*

మర్నాడు ఎండ కాసింది. పాక ముందు చాప పరిచి అరిటాకులు వేసింది మంగ. ఈఈగారు, డాక్టరుగారు, కనకవల్లిగారు వరసగా కూర్చున్నారు. వాళ్ళకెదురుగా నాంచారయ్య, ఇస్రాయేలు. పొయ్యి దగ్గర పెద్ద మట్టిదాక. మూత పక్కనుంచి చింతపండు, మెంతులు, పచ్చిమిరపకాయలు కలిసిన ఆవిరి వస్తోంది. ఆ వాసన తగలగానే ఈఈగారి కళ్ళు వాటంతట అవే మూతలుపడ్డాయి. పప్పుచారుకి మూతలుపడే కళ్ళు కావవి.

కాసేపటికి కళ్ళు తెరిచి, గుర్తొచ్చినట్టు చేనువైపు చూశారు.

"పెద్దాయన పొద్దుటి నించీ కనపళ్ళేదు. ఒంట్లో ఎలా ఉందయ్యా?"

"నలత తగ్గిపోయిందండి," అన్నాడు నాంచారయ్య. "ఇంక ఏ బాధా లేదు."

మంగ మూత తీసింది. డాక్టరుగారు మెడ సాచి దాకలోకి చూశారు. చాలాసేపు చూశారు. గరిటెతో ఒక ముక్క పక్కకి జరిపి, కింది ముక్క కూడా చూశారు. జేబులోంచి కలం తీసి, పూర్ణ ఆరోగ్యమని ఆ ఒక్క ముక్కా రాసి, కాగితం మడిచి ఈఈగారి ఆకు పక్కన పెట్టారు.

"ఇది మా శాఖ కిందికే వస్తుంది," అన్నారు.

కనకవల్లిగారు "సదరు..." అంటూ మొదలుపెట్టారు. మంగ ఆవిడ ఆకులో నడుంముక్క వేసి, పైన పులుసు పోసింది. ఆవిడ మిగతా మాట మింగేసి, చేతి గాజులు వెనక్కి తోసుకున్నారు.

తలకాయ ముక్క వచ్చిన పెద్దమనిషికే వెయ్యాలి. అది ఆ ఇంటి మర్యాద. ఈఈగారి ఆకులో వేసింది. ఎంత పులుసులో ఉడికినా నెత్తి మీది ఎరుపు పూర్తిగా పోలేదు. ఈఈగారు దాని వంక చూశారు. అది ఈఈగారి వంక చూసింది. ఆయన తల ఎత్తి చుట్టూ చూశారు. పూడ్చిన గట్టు మధ్యలో కొత్తగా కొట్టిన గండి. పక్కన పార, దానికి ఇంకా తడి ఆరని బురద. అవతల వరి కొసలు, మోచేతులదాకా లేచి, ఎండకు ఆవులిస్తున్నాయి. ఈఈగారు నాంచారయ్య వైపు చూశారు. నాంచారయ్య తన ఆకులోకి చూసుకుంటున్నాడు.

ఈఈగారు చొక్కా చేతులు పైకి మడిచారు. అన్నంలో పులుసు కలిపారు. పెద్ద ముద్ద పెట్టుకున్నారు. ఆయన పెట్టుకున్నాక అందరూ పెట్టుకున్నారు. మంగ మారు వడ్డించింది. ఇస్రాయేలు ముళ్ళు తీసి ఆకు అంచున వరసగా పేర్చాడు. చేతులు కడుక్కునేదాకా గండిలోంచి నీళ్ళు కాలువలోకి దిగుతున్న చప్పుడే వినబడింది.